సినిమాల్లో ఈఎంపీ దాడి, మన ఇంట్లో కరెంటు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: హాలీవుడ్ సినిమాల్లో ఈఎంపీ దాడి జరగ్గానే కార్లు, ఫోన్లు, చేతి గడియారాలు, విమానాలు అన్నీ ఒక్కసారే ఆగిపోతాయి. నిజంగా అలాగే అవుతుందా? (కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: అవదు. చాలా ఎత్తున అణుబాంబు పేలితే పుట్టే విద్యుదయస్కాంత పల్స్‌కి (ఈఎంపీ అంటే ఇదే, ఒక్కసారిగా తన్నుకొచ్చే విద్యుదయస్కాంత తరంగం) మూడు దశలుంటాయి. మొదటిది సెకనులో వంద కోట్లో వంతు లెక్కన వచ్చిపడుతుంది, చిప్పులను దెబ్బతీసేది ఇదే. రెండోది పిడుగు లాంటిది. మూడోది సెకన్ల నుంచి నిమిషాల దాకా సాగి, వందల కిలోమీటర్ల హైటెన్షన్ లైన్లలో దిగి పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లను వేడెక్కిస్తుంది. పల్స్‌కి యాంటెనాలా పనికొచ్చేది పొడవాటి తీగ. అందుకే ప్లగ్గులో ఉన్న టీవీకి, రౌటర్‌కి, ఫ్రిజ్ బోర్డుకి ముప్పు ఎక్కువ. ఛార్జర్ తీసేసి జేబులో పెట్టుకున్న ఫోనుకి చాలా తక్కువ. బ్యాటరీలో ఉన్న ఛార్జి ఎక్కడికీ పోదు.

1962 జులై 9న అమెరికా పసిఫిక్‌లోని జాన్‌స్టన్ దీవి మీద 400 కిలోమీటర్ల ఎత్తున 1.4 మెగాటన్నుల బాంబు పేల్చింది. ఆ పరీక్ష పేరు స్టార్‌ఫిష్ ప్రైమ్. సుమారు 1,400 కిలోమీటర్ల దూరంలోని హవాయిలో దాదాపు 300 వీధి దీపాలు ఆరిపోయాయి, దొంగల అలారాలు మోగాయి, ఒక టెలిఫోన్ లింకు తెగింది. హోనలూలూ మొత్తం చీకటైపోలేదు. అదే ఏడాది అక్టోబరులో కజఖ్‌స్థాన్ మీద సోవియట్ యూనియన్ పేల్చింది అంతకంటే చిన్న బాంబు, 300 కిలోటన్నులు. కానీ కింద పొడవైన లైన్లున్న నేల కావడంతో 570 కిలోమీటర్ల టెలిఫోన్ లైను దెబ్బతింది. ఆ రోజుల్లో ఇళ్లలో చిప్పులు లేవు కాబట్టి ఆ లెక్కే ఇవాళ్టికీ సరిపోతుందని ధీమా పడకూడదు.

కార్ల సంగతికి వస్తే, అమెరికా ఈఎంపీ కమిషన్ 37 కార్లను మీటరుకి 50 కిలోవోల్టుల దాకా పల్స్‌లో పెట్టి చూసింది. నడుస్తున్న ఇంజిన్ ఆగినవి మూడే, అదీ సుమారు 30 కిలోవోల్టులు దాటాక. తాళం తిప్పితే మళ్లీ స్టార్ట్ అయ్యాయి. అవి 2002 నాటికి తయారైన మోడళ్లు. ఇప్పటి కార్లలో ఎలక్ట్రానిక్స్ ఇంకా ఎక్కువ కాబట్టి ఆ ఫలితాన్ని యథాతథంగా వీటికి అన్వయించలేం. 'వార్ ఆఫ్ ది వరల్డ్స్' (2005)లో వీధిలోని కార్లన్నీ ఆగిపోయినా ఒకతని చేతిలో వీడియో కెమెరా పనిచేస్తుంటుంది. స్టార్టర్ సోలెనాయిడ్ మారిస్తే వ్యాన్ కదులుతుంది. సోలెనాయిడ్ అంటే రాగి తీగ చుట్టిన కాయిలూ, ఇనుప కడ్డీనే. పల్స్‌కి చెడాల్సిన వరసలో అది చిట్టచివరిది. ముందు పోయేది ఇంజిన్ కంట్రోల్ యూనిట్, అంటే ఇంజిన్‌ని నడిపే చిన్న కంప్యూటర్.

ప్రశ్న: 'ఓషన్స్ ఎలెవెన్'లో వ్యాన్‌లో తెచ్చిన యంత్రంతో లాస్ వేగాస్ అంతా ఆర్పేస్తారు. అంత చిన్న యంత్రం ఉంటుందా? (మణికొండ)

జవాబు: ఆ సినిమాలో ఆ యంత్రాన్ని 'పించ్' అంటారు. ఆ పేరు వెనకున్న జడ్ మెషీన్ (భారీ విద్యుత్ పల్స్ పుట్టించే ప్రయోగ యంత్రం) నిజమే. అమెరికాలోని సాండియా ప్రయోగశాలలో ఉంది, వ్యాసం సుమారు 33 మీటర్లు. వ్యాన్‌లో పట్టే పల్స్ పరికరాలు దగ్గర్లోని ఎలక్ట్రానిక్స్‌ని చెడగొట్టగలవు, నగరాన్ని ఆర్పలేవు. పైగా సినిమాలో కాసేపటికే దీపాలు వెలుగుతాయి. పల్స్‌తో కాలిపోయిన పరికరం తనంతట తాను బాగుపడదు.

ప్రశ్న: గ్రిడ్ కూలితే మళ్లీ స్విచ్ వెయ్యడానికి అన్ని గంటలెందుకు? హైదరాబాద్‌కి అలాంటిది వస్తే? (దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: సినిమాలు పూర్తిగా వదిలేసిన భాగం ఇది. నిజమైన ఉత్కంఠ ఇక్కడే ఉంది.

2012 జులై 30 తెల్లవారుజామున బీనా–గ్వాలియర్ 400 కేవీ లైను ఓవర్‌లోడుతో ట్రిప్పయింది. దాని బరువు పక్క లైన్ల మీద పడి ఉత్తర గ్రిడ్ కూలింది. మర్నాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కూలి 60 కోట్ల మందికి పైగా చీకట్లో ఉన్నారు. హైదరాబాద్‌లో మాత్రం ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. అప్పటికి దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో డీసీ లింకులతోనే కలిసి ఉండేది, డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) లింకు అటు ఫ్రీక్వెన్సీ (మామూలు ఏసీ కరెంటు సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందనే లెక్క) పడిపోతే ఇటు లాగదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైనుతో మనమూ అదే గ్రిడ్‌లో కలిశాం. దానివల్ల లాభాలు చాలా ఉన్నాయి, కానీ 2012 నాటి ఆ గోడ ఇప్పుడు లేదు.

ఇక మళ్లీ నిలబెట్టడం. థర్మల్ స్టేషన్ లేవాలంటే దానికే ముందు కరెంటు కావాలి. బొగ్గు మిల్లులు, ఫ్యాన్లు, ఫీడ్ పంపులు నడవడానికి దాని సామర్థ్యంలో 6 నుంచి 8 శాతం పోతుంది. 500 మెగావాట్ల యూనిట్‌కి 30 నుంచి 40 మెగావాట్లన్నమాట. జలవిద్యుత్ కేంద్రానికి అంత అక్కర్లేదు. గేట్లకు, ఆయిల్ పంపుకు, ఎక్సైటేషన్‌కు (జనరేటర్‌లో అయస్కాంతాన్ని పుట్టించే కరెంటుకు) ఓ డీజిల్ జనరేటర్ చాలు. అందుకే శ్రీశైలం, నాగార్జునసాగర్ లాంటి చోట్ల నుంచి మొదలుపెట్టి, ఆ కరెంటును లైను మీదుగా థర్మల్ కేంద్రానికి చేరుస్తారు. ఇక్కడ రెండు చిక్కులు. లోడు లేని పొడవాటి 400 కేవీ లైను అవతలి కొసన వోల్టేజీ పెరిగిపోయి, రక్షణ కోసం పెట్టిన రిలే లైనును ట్రిప్ చేస్తుంది. పోనీ అని ఒకేసారి పెద్ద లోడు ఎక్కిస్తే ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ నుంచి జారి యంత్రమే ఆగిపోతుంది. కాబట్టి ఫీడర్లను (కాలనీలకు కరెంటు తెచ్చే లైన్లను) ఒక్కొక్కటిగా కలుపుతూ, విడివిడిగా లేచిన ముక్కల వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ, ఫేజు మూడూ సరిపోయినప్పుడే జతచేస్తూ పోవాలి.

ఇందులో మీ చేతిలో ఉన్న పని ఒకటుంది. గంటల తర్వాత కరెంటు రాగానే కాలనీలోని ఏసీలు, ఫ్రిజ్‌లు, సంపు మోటార్లు అన్నీ ఒక్కసారే లేస్తాయి, మామూలు లోడుకి రెట్టింపు కూడా పడుతుంది. ఫీడర్ మళ్లీ ట్రిప్పయ్యేది అందుకే. కరెంటు పోగానే ఏసీ, గీజరు, మోటారు స్విచ్‌లు కట్టేసి, వచ్చాక పది పదిహేను నిమిషాలు ఆగి ఒక్కొక్కటే వెయ్యండి.

నగరానికి అసలు కష్టం నీళ్లు. కృష్ణా నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా పంపులతో ఎత్తుకుంటూ రావాలి, గోదావరి నీళ్లదీ అదే తీరు. వాలు మీద దిగివచ్చే ఉస్మాన్‌సాగర్ నీళ్లు నగర అవసరంలో చిన్న వాటా. ఆ తర్వాత మీ సంపు నుంచి ట్యాంకుకి ఎక్కాలన్నా మోటారే దిక్కు. అపార్ట్‌మెంట్ సంఘాలు జనరేటర్ మీద లిఫ్టు కంటే ముందు నీళ్ల మోటారుని రాసుకోవాలి. 62.5 కేవీఏ జనరేటర్ ముప్పాతిక లోడు మీద గంటకు 10 నుంచి 12 లీటర్ల డీజిల్ తాగుతుంది. రోజంతా తిప్పకుండా పూటకో గంట తిప్పి ట్యాంకు నింపుకుంటే 100 లీటర్లతో నాలుగైదు రోజులు గట్టెక్కవచ్చు.

ప్రశ్న: మా ఇంటిమీద 3 కిలోవాట్ల సోలార్ ఉంది. మాకు భయం లేదు కదా? (మియాపూర్)

జవాబు: మీది ఆన్‌గ్రిడ్ (బ్యాటరీ లేకుండా నేరుగా కరెంటు లైనుకి కలిపినది) అయితే లైన్లో కరెంటు పోగానే అదీ ఆగిపోతుంది, మిట్టమధ్యాహ్నమైనా సరే. లైను మీద పనిచేసే కార్మికుడికి మీ ఇంటి కరెంటు తగలకుండా ఇన్వర్టర్ తనే విడిపోతుంది. గ్రిడ్ లేనప్పుడూ పనిచెయ్యాలంటే బ్యాటరీతో హైబ్రిడ్ ఇన్వర్టర్ ఉండాలి.

మామూలు ఇన్వర్టర్ లెక్క చూడండి. 150 ఏహెచ్, 12 వోల్టుల బ్యాటరీ అంటే 1,800 వాట్ అవర్లు. నష్టాలు పోను చేతికొచ్చేది 1,150 దాకా. 75 వాట్ల పాత ఫ్యాన్లు మూడు, 9 వాట్ల బల్బులు ఐదు, రౌటర్ కలిపి 280 వాట్లు, అంటే నాలుగు గంటలు. ఫ్యాన్లు 30 వాట్ల బీఎల్‌డీసీవి (తక్కువ కరెంటు తాగే మోటారున్నవి) అయితే ఎనిమిది గంటలు. పెద్ద బ్యాటరీ కొనే ముందు ఫ్యాన్లు మార్చండి.

ప్రశ్న: ఈ విషయం మీద చూడదగ్గ సినిమా ఏది? (నల్లకుంట)

జవాబు: 'ది డే ఆఫ్టర్' (1983). అందులో ఈఎంపీ కథలో ఒక ముక్కే, కానీ ఆ తర్వాతి రోజుల్ని దాచకుండా చూపుతుంది. 'లీవ్ ది వరల్డ్ బిహైండ్' (2023) భయపెట్టేది ఎక్కువగా సైబర్ దాడితో. దానికి నిజమైన పూర్వరంగం ఉక్రెయిన్‌లో ఉంది. 2015 డిసెంబరు 23న హ్యాకర్లు సబ్‌స్టేషన్ల బ్రేకర్లు తెరిచి రెండు లక్షలకు పైగా ఇళ్లకు కరెంటు ఆపారు. సిబ్బంది సబ్‌స్టేషన్లకు వెళ్లి చేత్తో బ్రేకర్లు వేసి కొద్ది గంటల్లోనే తిరిగి ఇచ్చారు. 'రెవల్యూషన్' సీరియల్‌ని ఈఎంపీ కథ అనుకుని చూడకండి, అందులో కరెంటు పోవడానికి కారణమే వేరు.

ప్రశ్న: స్టీలు డబ్బాలో రేడియో పెడితే పల్స్ నుంచి కాపాడుకోవచ్చా? (మలక్‌పేట)

జవాబు: మూత సందు మూసుకుంటే కాపాడుకోవచ్చు. చెడేది ఎప్పుడూ అక్కడే. బిస్కెట్ల రేకు డబ్బా తీసుకుంటే మూత, డబ్బా ఒరుసుకునే అంచుల్లో రంగును గరుకు కాగితంతో గీకి లోహం బయటపెట్టండి. రంగు మధ్యలో ఉంటే రెండూ కలిసినట్టు కాదు. రేడియోని అట్టముక్కలతో చుట్టి, ఎక్కడా రేకుకి తగలకుండా పెట్టండి. ఛార్జింగ్ తీగ బయటికి రానివ్వకూడదు, ఆ ఒక్క తీగతో డబ్బా ఉన్నా లేనట్టే. ఎర్తింగ్ అవసరం లేదు. పరీక్షకు రేడియోలో ఎఫ్‌ఎం 101.9 రెయిన్‌బో గట్టిగా పెట్టి మూత వెయ్యండి. పాట ఆగి గరగర మిగిలితే ఆ ఫ్రీక్వెన్సీ దాకా డబ్బా ఆపుతున్నట్టే. లోపల పెట్టిన ఫోనుకి కాల్ చేస్తే మోగిందంటే మూత దగ్గర సన్నని సందు మిగిలింది, దాని మీదుగా అల్యూమినియం ఫాయిల్ రెండు చుట్లు గట్టిగా నొక్కి చుట్టండి. సెల్స్ మాత్రం రేడియోలోంచి తీసి విడిగా ఉంచండి, లోపలే ఉంటే కొన్నాళ్లకు కారి స్ప్రింగులను తుప్పుపట్టిస్తాయి.