నిమ్మకాయ జోలికి మాత్రం పోకు

చిరంజీవి అమ్మలుకి అత్త ఆశీస్సులు.

ఒడియావాళ్ళ రజ పండక్కి మీ ఆఫీసు అమ్మాయిలకి నలుగుపిండి, ఫేస్ ప్యాకులు ఇంట్లోనే చేసి ఇస్తున్నావని మీ నాన్న చెప్పాడు. వినగానే పర్లాకిమిడి అంతా తిరిగి చెప్పుకోవాలనిపించింది. మీ నానమ్మ తిరగలి దగ్గర నేను నేర్చుకున్న విద్య నాతోనే ఆగిపోతుందనుకున్నాను. ఆ వెంటనే వాడు ఇంకో మాట అన్నాడు. "అన్నీ వంటింట్లో సామాన్లే కదక్కా, ఏమవుతుంది?" ఆ మాట వాడిదో నీదో తెలీదు కానీ, ఈ ఉత్తరం రాయిస్తున్నది అదే.

పిండి సంగతి నీకు సగం తెలిసిందే. కిలో పెసలకి పావుకిలో శనగపప్పు, గుప్పెడు బియ్యం, 100 గ్రాముల కచ్చూరాలు, 50 గ్రాముల కస్తూరి పసుపు, కాసిని వట్టివేళ్ళు, నీడన ఎండబెట్టిన గులాబీ రేకులు. పప్పులు చేత్తో కలిపితే గలగలమనాలి, అప్పటిదాకా ఎండనివ్వు. మర దగ్గరే అసలు జాగ్రత్త. నీ ముందు ఎవరైనా ఎండుమిరపకాయలు ఆడించుకుని వెళ్ళారనుకో, నీ పిండి పూసుకున్న పిల్ల లబోదిబోమంటుంది. పొద్దున్నే మర తెరవగానే వెళ్ళి, ముందు గుప్పెడు బియ్యం పోయించి, ఆ వచ్చిన పిండి పారేయించు. ముఖానికిచ్చేది పల్చటి గుడ్డతో జల్లించు. బరకది చేతులకీ కాళ్ళకీ. బరక పిండితో ముఖం తోమితే మురికి కంటే ముందు చర్మం లేస్తుంది.

పసుపు పొడి కొనకు, కొమ్ములే కొను. రంగు కోసం పొడిలో లెడ్ క్రోమేట్ అనే సీసపు విషం కలిపి అమ్మినవాళ్ళు దొరికిన సందర్భాలున్నాయి. మనకి కంధమాల్ జిల్లా పక్కనే ఉంది, 2019లో అక్కడి పసుపుకి ఆ ప్రాంతపు ప్రత్యేకమైన పంటగా జీఐ గుర్తింపు కూడా వచ్చింది. కాకపోతే అది కూరల్లోకి బంగారం. ముఖానికి పట్టిస్తే మర్నాడు ఆఫీసులో కామెర్లా అని అడుగుతారు. కస్తూరి పసుపు జాతే వేరు, దాని మరక తక్కువ.

ఎవరికిచ్చినా పొడిగానే ఇవ్వు. పెరుగూ తేనే కలిపేసి డబ్బాల్లో సర్దకు. నీళ్ళు తగిలిన శనగపిండి జూన్ నెల భువనేశ్వర్ ఉక్కకి సాయంత్రానికే పులుస్తుంది. కలుపుకునేది వాళ్ళ ఇంట్లో, వాళ్ళ గిన్నెలో, ఆ పూటకి సరిపడా. వంట సోడా, దాల్చినచెక్క, టూత్‌పేస్టు ముఖానికి ఎవరు చెప్పినా వద్దు.

ఇక నిమ్మకాయ. నీ జాబితాలో "శనగపిండి, పెరుగు, నిమ్మరసం" అని ఉందట. అది కొట్టెయ్. ఎందుకో చెప్పాలంటే మీ అమ్మ పెళ్ళి సంగతి చెప్పాలి. తను నీకు చెప్పి ఉండదు.

సంబంధం కుదిరాక మా వైపు పెద్దావిడ ఒకరు గుణుపురం వెళ్ళి వచ్చి "పిల్ల బంగారం, కాస్త చామనఛాయ, అంతే" అన్నారు. ఆ "అంతే" ఎలాగో మీ అమ్మ చెవిన పడింది. పెళ్ళి రెండు రోజులుందనగా ఎవరో నిమ్మచెక్కలు రుద్దితే నలుపు విరుగుతుందని చెప్పారట. మోచేతులకీ మెడకీ చెక్కలు అరిగేదాకా రుద్దుకుని, తలంటి పోసుకున్న జుట్టు ఆరబెట్టుకోవడానికి అలాగే మేడెక్కి కూర్చుంది. వైశాఖ మాసం, మిట్టమధ్యాహ్నం. అప్పుడు చిన్న చురుక్కు కూడా లేదు. మర్నాడు సాయంత్రానికి మంట. పెళ్ళిరోజు పొద్దున్నకి నీటి పొక్కులు.

మేం చిన్న రైల్లో గుణుపురం చేరేసరికి విడిదింట్లో గుసగుసలు మొదలైపోయాయి. అమ్మవారు పోసిందని కొందరు, పిల్లకేదో చర్మవ్యాధి ఉంటే దాచారని ఇంకొందరు. నేను లోపలికి వెళ్ళి చూశాను. మోచేతి నుంచి మణికట్టు దాకా సన్నటి గీతలా పొక్కులు, రసం కారిన దారి వెంటే. మెడ మీద నాలుగు వేళ్ళ అచ్చు. అమ్మవారు గీత గీసినట్టు ఎక్కడ పోస్తుందే? ఆ మాటే బయటికొచ్చి గట్టిగా అన్నాను. మీ నాన్న ఎవరితోనూ వాదించలేదు. "మచ్చలెక్కడికీ పోవు, ముహూర్తం పోతుంది" అని పీటల మీద కూర్చున్నాడు. నిండు చేతుల జాకెట్టు వేయించి పెళ్ళి జరిపించారు. ఆల్బమ్‌లో మీ అమ్మ అంత ఎండలో ఆ జాకెట్టేమిటని చిన్నప్పుడు నవ్వేదానివి, గుర్తుందా?

తర్వాత బరంపురంలో చర్మం డాక్టరుకి చూపిస్తే ఆయన మొదటి ప్రశ్నే "నిమ్మరసం పూసుకుని ఎండలో కూర్చున్నావా అమ్మా?" అని. నిమ్మకాయలో, రసం కంటే తొక్కలో ఎక్కువగా, ఫ్యూరనోకౌమరిన్లు అనేవి ఉంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండలోని అల్ట్రావయొలెట్ కిరణాలు తగిలితే చర్మం కాలుతుంది. ఇది అలర్జీ కాదు, పడనివాళ్ళకే వస్తుందనుకోవడానికి. ఎవరికైనా రావచ్చు. పొక్కులు మానాక గోధుమరంగు మచ్చలు మిగిలాయి. దసరాకి గానీ పూర్తిగా పోలేదు. తెల్లబడాలని రుద్దుకున్న చోటే అన్నాళ్ళూ నల్లగా ఉంది పాపం. ఇప్పటికీ మీ అమ్మ నిమ్మకాయ పిండితే సబ్బుతో చేతులు కడుక్కుని గానీ పెరట్లోకి రాదు. నువ్వది చాదస్తం అంటావు.

మోచేతి మడతలో కొంచెం పూసి రెండు రోజులు చూసి ఇస్తానంటావేమో. ఆ పరీక్ష ప్రతి పిండికీ చేయించాల్సిందే. శనగలు, బాదం పడనివాళ్ళుంటారు, అడిగి మరీ ఇవ్వు. కానీ చొక్కా చేతి కింద దాగిన నిమ్మరసం ఏ పరీక్షలోనూ దొరకదు. ఎండ తగిలితేనే దాని గుణం బయటపడేది. రజ మూడు రోజులూ ఆ పిల్లలు ఉయ్యాలలు కట్టుకుని ఆరుబయటే ఉంటారు కదా, నా భయమంతా అక్కడే.

ఇదే కారణంతో బావంచాలనే గింజలు కూడా మానేశాను. మీ నానమ్మ నలుగులో చిటికెడు వేసేది. పచారీ కొట్టువాడు సున్నిపిండి సామాను అనగానే పొట్లంలో అవీ కట్టేస్తాడు, చూసి పక్కన పెట్టు. అందులో ఉండే సొరాలెన్ నిమ్మకాయలో ఉన్నదాని కుటుంబమే. తెల్లమచ్చలకి డాక్టర్లు సొరాలెన్ మందిచ్చి, లెక్క ప్రకారం కిరణాలు చూపించి వైద్యం చేస్తారు. అంత పని చేసేదాన్ని లెక్కలేకుండా మనమెందుకు పూయడం?

ఇంకోటి. పొట్లం మీద "తెల్లబడతారు" అని రాయబోతున్నావని విన్నాను. సిగ్గుగా లేదూ? చదువుకున్నదానివి. నీ రంగు అచ్చంగా మా నాన్నది. నువ్వు పుట్టినప్పుడు ఎత్తుకుని ఆ రంగే చూసి ఏడ్చాను, ఆయన పోయి ఏడాది కూడా కాలేదప్పటికి. నలుగు జిడ్డు తీస్తుంది, చర్మం మెత్తబడుతుంది, వాసన బాగుంటుంది. ఆ మూడే రాయి, చాలు. కింద ఏమేం కలిపావో, ఏ రోజు పట్టించావో రాయి.

స్నేహితులకి ఊరికే ఇచ్చినంతకాలం గొడవ లేదు. డబ్బు తీసుకుని అమ్మాలనుకుంటే 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం ఉంది, దాని కింద 2020లో వచ్చిన రూల్స్ ఉన్నాయి. తయారీకి రాష్ట్ర ప్రభుత్వం దగ్గర లైసెన్సు తీసుకోవాలి. అది వచ్చేదాకా నాకు తెలియకుండా ఒక్క పొట్లం అమ్మినా మీ నాన్నకి కాదు, మీ అమ్మకే చెప్తాను.

పిండి ఎన్ని కిలోలు కావాలో ఆదివారంలోగా ఫోన్ చెయ్. ఇక్కడే పట్టించి బస్సుకి వేయిస్తాను. మర అతను ముందు రోజే చెప్పమన్నాడు, లేకపోతే కారం వాళ్ళు ముందొచ్చేస్తారట.

మీ అత్త