జియోఇన్ఫర్మేటిక్స్ చదవడానికి చెన్నై వస్తున్న తమ్ముడికి

పోయిన వారం ఆదోని నుంచి ఒక అబ్బాయి ఫోన్ చేశాడు. మా పిన్ని వాళ్లకు తెలిసినవాళ్ల పిల్లాడు, ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. "అక్కా, చెన్నై గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో జియోఇన్ఫర్మేటిక్స్ అని ఒక బ్రాంచి ఉందంట గదా. నాన్నేమో అది భూగోళం చదువు, ఉద్యోగం రాదంటున్నాడు. మామ ఏమో అదీ కంప్యూటర్ సైన్సు లాంటిదే, చేరిపో అంటున్నాడు. ఏం చేయమంటావు?" అన్నాడు.

నేను గూడూరు నుంచి చెన్నై వచ్చి పద్దెనిమిదేళ్లు. మ్యాపుల పనే నాకు అన్నం పెడుతోంది. ఫలితాలు వచ్చే రోజుల్లో ఇలాంటి ఫోన్లు ఏటా వస్తాయి. హడావుడిలో సగం చెప్పి పెట్టేస్తుంటాను. ఈసారి మొత్తం రాస్తున్నాను.

తమ్ముడూ, మీ నాన్న భయంలో కొంత న్యాయం ఉంది. మీ మామ ధైర్యమే నాకు ఎక్కువ భయం. కంప్యూటర్ సైన్సు దొరకలేదని, దొడ్డిదారిన సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లొచ్చని ఇందులో చేరినవాళ్లు రెండో ఏడాదికే నీరసపడిపోవడం చూశాను. ఎందుకంటే ఇందులో కోడింగ్ ఉంటుంది కానీ, దానికంటే ముందు ఎండ ఉంటుంది. సర్వేయింగ్, భూమి ఆకారాన్ని కొలిచే జియోడెసీ, ఫోటోల నుంచి కొలతలు తీసే ఫోటోగ్రామెట్రీ, ఉపగ్రహ చిత్రాలతో నేలను చదివే రిమోట్ సెన్సింగ్, ఇమేజ్ ప్రాసెసింగ్, మ్యాపుల సమాచారం దాచే స్పేషియల్ డేటాబేసులు అన్నీ చదవాలి. మధ్యలో సర్వే క్యాంపు అని రోజుల తరబడి పరికరాలు మోసుకుని తిరగాలి. భూమ్మీద ఉన్న దేన్నైనా చూపించి "ఇది ఎక్కడుంది?" అంటే లెక్కతో జవాబు చెప్పే చదువు ఇది. ఆ ప్రశ్న వినడానికి తేలిక, చెప్పడానికి కాదు.

మీ ఊరే తీసుకో. కొలతలు మీటర్లలో చెప్పుకోవడానికి భూగోళాన్ని నిలువునా 60 పట్టీలుగా విడదీసుకున్నాం. ఒక్కోటి 6 డిగ్రీల వెడల్పు, వీటినే యూటీఎం జోన్లు అంటారు. 78 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర 43వ జోన్ అయిపోయి 44వది మొదలవుతుంది. ఆ రేఖ సరిగ్గా మీ కర్నూలు జిల్లా మీదుగానే పోతుంది. ఆదోని 43లో ఉంది, కర్నూలు పట్టణం 44లో ఉంది. చెన్నై కూడా 44లోనే. నువ్వు ఆదోని కొలతలు తెచ్చి, అలవాటుగా 44 అని సెట్ చేశావనుకో. సాఫ్ట్‌వేర్ నోరెత్తదు, ఎర్రగీత చూపించదు. మీ ఊరిని తీసుకెళ్లి ఆరు డిగ్రీలు తూర్పుకు, అంటే బంగాళాఖాతం మధ్యలో పెడుతుంది. అలా సముద్రంలో పడితే ఇంకా నయం, చూడగానే తెలిసిపోతుంది. పాత సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు ఎవరెస్ట్ స్ఫెరాయిడ్ అనే పాత భూమి నమూనా మీద గీసినవి, ఇప్పటి జీపీఎస్ వాడే నమూనా డబ్ల్యూజీఎస్ 84. ఆ తేడా సరిచేయకపోతే మన ప్రాంతంలో వంద మీటర్లకు పైగా జరుగుతుంది. ఆ జరుగుడు కంటికి ఆనదు. చెరువు గట్టు వెళ్లి పక్క రైతు పొలంలో కూర్చుంటుంది. బటన్లు నేర్పే ఆరు నెలల కోర్సుకూ నాలుగేళ్ల డిగ్రీకీ తేడా ఇక్కడే కనిపిస్తుంది.

నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది చేసిన తప్పు ఒకటి చెప్పాలి. అది లెక్క తప్పు కాదు, భాష తప్పు. చెంగల్పట్టు వైపు ఒక పల్లెలో నీటి వనరులు గుర్తిస్తున్నాం. ఒక పెద్దాయన చేయి చాపి "ఏరి, ఏరి" అంటూ పడమటి దిక్కు చూపించారు. వేసవి కావడంతో అక్కడ నీళ్లు లేవు, తుమ్మచెట్లు, పల్లపు నేల మాత్రం ఉన్నాయి. మనకు ఏరు అంటే పారేది కదా. నేను ఎండిపోయిన వాగు అనుకుని, సాయంత్రం ఆఫీసులో దాన్ని ఒక గీతగా గీశాను. తమిళంలో ఏరి అంటే చెరువు. మ్యాపులో వాగును గీతగా గీస్తాం, చెరువును చుట్టూ గట్టు కలిపి విస్తీర్ణంగా గీస్తాం. గీతకు వైశాల్యం ఉండదు. అంటే వాన వస్తే అన్ని ఎకరాల్లో నీళ్లు నిలబడే చోటు నా మ్యాపులో సున్నా అయిపోయింది. మా సీనియర్ ఒకావిడ చూసి పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. మర్నాడు మళ్లీ వెళ్లి, ఆ పెద్దాయన్ని వెంటబెట్టుకుని గట్టు పొడవునా నడిచాను. తూము చూపించారు, అలుగు చూపించారు. ఆ మాటలన్నీ తమిళంలో రాసుకున్నాను, ఆ నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గరుంది.

చెన్నైలో ఈ తప్పు విలువ ఎంతో 2015 డిసెంబరులో అందరూ చూశారు. చెంబరంబాక్కం చెరువు నీళ్లు అడయార్‌లోకి వచ్చాయి, నగరం మునిగింది. బల్లపరుపు నేల కదా, ఒక్క మీటరు ఎత్తు తేడాతో ఒక వీధి మునిగితే పక్క వీధి తేలింది. అప్పుడు ఎవరైనా గీయగలిగే ఉచిత మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా చేసిన మ్యాపు మీద మునిగిన వీధులను జనమే గుర్తు పెట్టారు. చెరువు ఎక్కడుండేది, కాలువ ఎటు పోయేది అని పాత మ్యాపులు తీసి చూడటం అప్పటి నుంచి బాగా పెరిగింది. ఈ చదువుకు ఇంతకంటే పెద్ద ప్రయోగశాల ఎక్కడుంటుంది?

చెన్నైకీ కొలతలకూ ఉన్న చుట్టరికం ఇవాళ్టిది కాదు. నువ్వు అడుగుతున్న గిండీ ఇంజనీరింగ్ కాలేజీ 1794లో సర్వే స్కూలుగా పుట్టింది. దాన్ని మొదలుపెట్టిన మైఖేల్ టాపింగ్ మన కృష్ణా గోదావరి ప్రాంతాల్లో సర్వే చేసినవాడు, 1796లో మచిలీపట్నంలోనే చనిపోయాడు. 1802లో బ్రిటిష్ సైనికాధికారి విలియం లాంబ్టన్ సెయింట్ థామస్ మౌంట్ దగ్గర 100 అడుగుల ఉక్కు గొలుసుతో సుమారు ఏడున్నర మైళ్ల ఆధారరేఖ కొలిచాడు. అంటే ఆ గొలుసును దాదాపు 400 సార్లు పరచాలి. ఎండకు ఉక్కు సాగుతుంది కాబట్టి వేడిని కూడా లెక్కలోకి తీసుకుంటూ కొలిచారు. దేశమంతటి త్రికోణమితి సర్వేకు పునాది ఆ గీతే.

ఇక సీటు సంగతి. మన ఈఏపీసెట్ ర్యాంకు ఇక్కడ చెల్లదు. తమిళనాడు కౌన్సెలింగ్‌లో ప్లస్ టూ మార్కులే చూస్తారు: లెక్కలు 100, ఫిజిక్స్ 50, కెమిస్ట్రీ 50, మొత్తం 200కు కటాఫ్. నేటివిటీ నిబంధనలు గట్టిగా ఉంటాయి. ప్లస్ టూ ఎక్కడ చదివావన్నది కూడా చూస్తారు. ఆ ఏడాది ఇచ్చే సమాచార పుస్తకం మొదటి నుంచి చివరి దాకా చదవకుండా ఎవరికీ డబ్బు కట్టొద్దు, ఏజెంట్లకు అసలే కట్టొద్దు. గల్ఫ్‌లో పనిచేసేవాళ్ల పిల్లలకు, ఎన్నారైలకు గిండీ కాలేజీ ఉన్న అన్నా యూనివర్సిటీలో వేరే కోటాలున్నాయి. మీ బంధువుల్లో ఎవరైనా ఉంటే చెప్పు. ఇక్కడ కుదరకపోతే సివిల్ చదివి తర్వాత ఇటు రావచ్చు, అది చిన్నతనం కాదు. 2022 నుంచి గేట్‌లో జియోమాటిక్స్ ఇంజనీరింగ్‌కు సొంత పేపరు ఉంది, ఆ దారిన ఎంటెక్ చేయొచ్చు.

ఉద్యోగం గురించి దాపరికం లేకుండా చెబుతాను. మొదట దొరికేవి ఎక్కువగా డిజిటైజింగ్ పనులు. పొద్దున్నుంచి రాత్రి దాకా ఇళ్ల కప్పులు గీస్తూ కూర్చోవాలి, జీతం తక్కువ. అక్కడే ఆగిపోయినవాళ్లు చాలామంది. పైథాన్ బాగా వచ్చి, మ్యాపుల డేటాబేసు పోస్ట్‌జీఐఎస్ తెలిసి, పైన చెప్పిన జోన్ల సంగతి నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగినవాళ్లు పైకి వెళ్లారు. 2021 ఫిబ్రవరిలో కేంద్రం మ్యాపుల మీద ఆంక్షలు చాలావరకు ఎత్తేసింది, భారతీయ కంపెనీలు ముందస్తు అనుమతుల కోసం తిరగాల్సిన పని తగ్గింది. మన ఆంధ్రాలో 2020 డిసెంబరులో డ్రోన్లతో భూముల రీసర్వే మొదలైంది. హైదరాబాద్ బాలానగర్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఎన్ఆర్‌ఎస్‌సీ ఉంది, షాద్‌నగర్‌లో దాని ఉపగ్రహ కేంద్రం ఉంది. పని లేదని మాత్రం అనను.

ఆడపిల్లల తల్లులు ఫీల్డ్ అనగానే టెన్షన్ పడతారు. మా అమ్మా పడింది. బృందంగానే వెళతాం, పల్లెల్లో ఇళ్లలోకి పిలిచి మజ్జిగ ఇస్తారు, ఆడవాళ్లు నాలాంటి వాళ్లతోనే ఎక్కువ మాట్లాడతారు. పంపండమ్మా.

తమిళం మాత్రం రెండు నెలల్లో చదవడం నేర్చుకో. తెలుగు మెస్సు, తెలుగు రూమ్మేట్లు, తెలుగు వాట్సాప్ గ్రూపు చాలని నాలుగేళ్లు గడిపేసినవాళ్లున్నారు. ఫీల్డులో వాళ్లు దిక్కులు చూస్తారు. నీకు ఒక సౌకర్యం కూడా ఉంది. మన రాయలసీమ, కోస్తా, ఈ తమిళ జిల్లాలు ఒకప్పుడు ఒకే మద్రాసు ప్రెసిడెన్సీ. అందుకే పట్టా, అడంగల్, పొలం కొలతల పటానికి వాడే ఎఫ్‌ఎంబి అన్న మాటలు ఇక్కడా అవే. లిపి ఒక్కటే అడ్డం.

ఇంకా రెండు నెలలు టైముంది. ఖరీదైన ల్యాప్‌టాప్ కొనమని మీ నాన్నను ఇబ్బంది పెట్టకు. ఇంట్లో ఉన్నదాంట్లోనే మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ వేసుకో, ఉచితం. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు కూడా ఉచితం, ఒక్కో చుక్క పది మీటర్లు. ఆదోని చుట్టూ ఉన్న చెరువులన్నీ గీయి. గీశాక సైకిలేసుకుని వెళ్లి చూడు, ఎన్ని ఉన్నాయో, ఎన్నిట్లో ప్లాట్ల రాళ్లు పాతారో. పది చెరువులు తిరిగాక కూడా పదకొండోది చూడాలనిపిస్తే నాకు ఫోన్ చెయ్, మీ నాన్నతో నేనే మాట్లాడతాను.

చెన్నై వచ్చిన మొదటి ఆదివారం సెయింట్ థామస్ మౌంట్ ఎక్కి చూపిస్తాను. వచ్చేటప్పుడు మీ తాతగారి పొలం ఎఫ్‌ఎంబి కాపీ ఒకటి సంచిలో పెట్టుకుని రా.