రూమ్‌లో స్టవ్ అంటుకుందని రాసివ్వమంటున్నారు, సంతకం పెట్టాలా?

ప్రశ్న: నేను అనకాపల్లి జిల్లాలో ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌ని. పన్నెండు రోజుల కిందట నైట్ షిఫ్ట్‌లో సెంట్రిఫ్యూజ్ (గిర్రున తిప్పి ద్రవాన్ని వేరుచేసే మిషన్) నుంచి టొల్యూన్ అనే మండే సాల్వెంట్ తడి ఉన్న మెటీరియల్ తీస్తుండగా మంట లేచింది. ఒడిశా నుంచి వచ్చిన కాంట్రాక్ట్ హెల్పర్‌కి రెండు చేతులూ, మెడా కాలాయి. కంపెనీవాళ్లే ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చి బిల్లు కడుతున్నారు. కానీ ‘రూమ్‌లో వంట చేసుకుంటుంటే స్టవ్ అంటుకుంది’ అని నన్ను స్టేట్‌మెంట్ రాసివ్వమంటున్నారు. ఆ కుర్రాడి చేత ఏదో కాగితం మీద వేలిముద్ర కూడా తీసుకున్నారు. సంతకం పెడితే నాకేమవుతుంది? పెట్టకపోతే ఉద్యోగం ఉంటుందా? నేనే ఫిర్యాదు చేస్తే పేరు బయటికొస్తుందా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: సంతకం పెట్టకండి. మిగతాదంతా దీని తర్వాతే.

అసలు ఇది కంపెనీ తనలో తాను సర్దుకోగల విషయం కాదు. ప్రమాదంలో మనిషి చనిపోయినా, గాయపడి 48 గంటలు లేదా అంతకు మించి పనిలోకి రాలేకపోయినా అధికారులకు నోటీసు పంపాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 88వ సెక్షన్ చెప్పింది. దాని స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అమల్లోకి వచ్చింది. అందరూ ఓఎస్‌హెచ్ కోడ్ అంటున్నది దీన్నే. అందులో 10వ సెక్షన్‌లోనూ 48 గంటల లెక్క మారలేదు. మీ హెల్పర్ పన్నెండు రోజులుగా మంచం మీదున్నాడు. అతను కాంట్రాక్టర్ మనిషి కదా అంటారేమో, గాయం మీ బ్లాక్‌లో అయింది, అంతే చాలు. ఇక ఒకవేళ ఆ రాత్రి ఎవరికీ ఏమీ కాకపోయినా, నిబంధనల్లో ప్రమాదకర సంఘటనలుగా పేర్కొన్న మంటలు, పేలుళ్లు, గ్యాస్ లీకులకు విడిగా నోటీసు ఇవ్వాల్సిందే. మనిషికి గాయమైందా లేదా అన్నది అక్కడ ప్రశ్నే కాదు.

ఎందుకు దాస్తారో మీకు నాకంటే బాగా తెలుసు. గేటు పక్కన ‘ప్రమాదం లేకుండా గడిచిన రోజులు’ అని ఒక బోర్డు ఉంటుంది కదా, దాని మీద అంకె మళ్లీ సున్నా కావడం ఎవరికీ ఇష్టం ఉండదు.

ఇప్పుడు మీ సంతకం సంగతి. ప్రమాదానికి చట్టం ముందు జవాబు చెప్పాల్సింది ఆక్యుపయర్, మేనేజర్. కంపెనీ విషయంలో ఆక్యుపయర్ అంటే డైరెక్టర్లలో ఒకరు. మీరు ఆ ఇద్దరిలో లేరు. కానీ స్టవ్ కథ కింద సంతకం పెట్టిన మరుక్షణం ఆ అబద్ధం మీ సొంతమవుతుంది. నేరం చేసినవాళ్లను కాపాడాలని తెలిసి తెలిసి తప్పుడు సమాచారం ఇవ్వడం భారతీయ న్యాయ సంహిత 238వ సెక్షన్ కింద నేరం. పాత ఐపీసీలో ఇదే 201. రేపు విచారణ మొదలైతే ‘షిఫ్ట్ ఇన్‌ఛార్జే ఇలా రాసిచ్చాడు, మేం నమ్మాం’ అని పైవాళ్లు మీ కాగితమే చూపిస్తారు. ఇలాంటి ఫైళ్లలో చివరికి చిక్కుకునేది కింది సంతకమే.

ఇంకో మాట. ఫార్మాలో ఉన్నారు కాబట్టి మీకు డేటా ఇంటిగ్రిటీ మీద ట్రైనింగ్ ఇచ్చే ఉంటారు. బ్యాచ్ రికార్డులో వెనక తేదీ వేసినా, ఒక అంకె దిద్దినా ఉద్యోగం పోతుందని చెప్పే ఉంటారు. టాబ్లెట్ విషయంలో అంత పట్టింపు ఉన్నచోట మనిషి చెయ్యి కాలితే మాత్రం కథ రాయమంటున్నారు. హెచ్‌ఆర్‌తో మాట్లాడేటప్పుడు ఈ పోలిక తేవడానికి మొహమాటపడకండి.

ఆ కుర్రాడికి జరిగే నష్టం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. కంపెనీ బిల్లు కడుతోంది కదా, అతనికేం తక్కువని మీకూ అనిపించవచ్చు. నెల జీతం 21,000 రూపాయలు దాటకపోతే అతను కార్మికుల ప్రభుత్వ బీమా అయిన ఈఎస్ఐ కిందికి వస్తాడు. హెల్పర్లలో దాదాపు అందరూ వస్తారు. పనిలో గాయమైతే కోలుకునేంత వరకూ రోజు వేతనంలో 90 శాతం వస్తుంది. అదే మామూలు జబ్బు కింద రాయిస్తే 70 శాతమే, అదీ ఏడాదికి 91 రోజులు మించదు. రోజుకు 500 సంపాదించేవాడికి 450కి, 350కి ఉన్న తేడా అది. అసలు తేడా ఇంకా పెద్దది. జబ్బు కింద డబ్బు రావాలంటే అంతకుముందు కొన్నాళ్లు చందా కట్టి ఉండాలి. పనిలో గాయానికి ఆ షరతు లేదు, చేరిన మొదటి రోజే గాయపడినా వర్తిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, కాలిన చేతులు. చర్మం ముడుచుకుపోయి వేళ్లు పూర్తిగా వంగకపోతే మెడికల్ బోర్డు సంపాదన శక్తి ఎంత తగ్గిందో శాతంలో లెక్కకట్టి, ఆ మేరకు నెలనెలా జీవితాంతం ఇప్పిస్తుంది. ఇరవై రెండేళ్ల కుర్రాడికి అది ఎంత కాలమో లెక్కేసుకోండి. ‘రూమ్‌లో స్టవ్’ అన్న నాలుగు అక్షరాలు దాన్నంతా కొట్టేస్తాయి.

అతని పేరు ఈఎస్ఐలో కాంట్రాక్టర్ అసలు నమోదు చేయించలేదనుకోండి, అప్పుడు కూడా బాధ్యత ప్రధాన యజమాని నుంచి, అంటే మీ కంపెనీ నుంచి, జారిపోదు. వేలిముద్ర తీసుకున్న కాగితం గురించి భయం వద్దు. పరిహారం హక్కు వదులుకుంటున్నానని కార్మికుడి చేత రాయించుకున్న ఒప్పందం చెల్లదు. కొత్త కోడ్ 103వ సెక్షన్‌లో ఇంకొకటి ఉంది: యజమాని భద్రతా బాధ్యతలు పాటించకపోవడం వల్ల తీవ్రగాయమైతే ఏడాది వరకు జైలు, లేదా 2 నుంచి 4 లక్షల జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానాలో సగానికి తగ్గకుండా బాధితుడికి ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది.

మీ ఉద్యోగం మాటకొస్తే, తీపి కబురు చెప్పి పంపలేను. పర్యవేక్షణ పనిలో ఉండి నెలకు 18,000 దాటిన వారిని పారిశ్రామిక సంబంధాల కోడ్ ‘వర్కర్’గా చూడదు. అంటే కార్మికుడికి ఉన్న రక్షణలన్నీ మీకు ఉండకపోవచ్చు. అందుకే మీకు నోటిమాట కన్నా కాగితం అవసరం. ఇవాళే మేనేజర్‌కు, సేఫ్టీ ఆఫీసర్‌కు ఈమెయిల్ పెట్టండి. ఎన్ని గంటలకు, ఏ సెంట్రిఫ్యూజ్, మంట లేవకుండా నైట్రోజన్ పెట్టారా లేదా, స్టాటిక్ కరెంటు పోయే ఎర్తింగ్ క్లిప్ ఉందా లేదా, మంట ఎలా ఆర్పారు, ఎవరు ఆసుపత్రికి తీసుకెళ్లారు. మీరు కళ్లారా చూసినవే రాయండి. కారణం ఇదీ అని తీర్పు ఇవ్వకండి, ఎవరినీ నిందించకండి. లాగ్ బుక్‌లో ఆ రాత్రి ఎంట్రీ ఉంటే దాన్ని ముట్టుకోవద్దు. బ్లాక్‌లోకి ఫోన్ తీసుకెళ్లి ఫోటోలు తీయడం, కంపెనీ ఫైళ్లు ఇంటికి తేవడం లాంటివి చేయకండి; మిమ్మల్ని పంపించడానికి మీరే సాకు ఇచ్చినట్టవుతుంది.

ఫిర్యాదు చేసిన వాళ్ల పేరు ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ గోప్యంగా ఉంచాలన్న నియమం పాత ఫ్యాక్టరీల చట్టంలోనే, 118-ఏ సెక్షన్‌లో, ఉండేది. కానీ షిఫ్ట్‌లో ఐదుగురే ఉన్నప్పుడు ఎవరు చెప్పారో ఊహించడం కష్టం కాదు. నా సలహా, దొంగచాటు ఫిర్యాదు కన్నా పైన చెప్పిన ఈమెయిలే మీకు ఎక్కువ రక్షణ. ఆ తర్వాత మిమ్మల్ని తీసేస్తే ఎందుకు తీశారో ఆ తేదీలే చెబుతాయి.

‘చిన్న మంటే కదా’ అని మీ దగ్గర ఎవరైనా అంటే భోపాల్ గుర్తు చేయండి. 1984 డిసెంబర్‌కు ముందే, 1981లో, అదే ప్లాంట్‌లో ఫాస్జీన్ అనే విషవాయువు సోకి ఒక కార్మికుడు చనిపోయాడు. అంత దూరం ఎందుకు, 2024 ఆగస్టు 21న మీ పక్కనే అచ్యుతాపురంలో సాల్వెంట్ ఆవిరి అంటుకుని 17 మంది పోయారు. మీ సెంట్రిఫ్యూజ్‌లో ఆ నిప్పు ఎక్కడ పుట్టిందో ఎవరూ చూడకపోతే, ఈ రాత్రి షిఫ్ట్‌లోనూ అదే మిషన్ దగ్గర ఇంకొకడు నిలబడతాడు.

ఆ హెల్పర్ అన్నో బావమరిదో మీ ఊళ్లోనే ఉంటే ఒక పని చెప్పండి. ఆసుపత్రి కేస్ షీట్‌లో గాయానికి కారణం ఏమని రాశారో అడిగి, నకలు తీసుకోమనండి. అందులో స్టవ్ అని ఉంటే డాక్టర్‌తో ఆ కుర్రాడే మాట్లాడి నిజం చెప్పాలి, తన భాషలో అయినా సరే. ఆ నకలు, ఆధార్, గేట్ పాస్ పట్టుకుని దగ్గర్లోని ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసుకు వెళ్లి, యజమాని ప్రమాద నివేదిక పంపలేదని రాతపూర్వకంగా ఇచ్చి, స్టాంప్ వేయించిన రసీదు తెచ్చుకోమనండి.