జీతం ఆపి, సర్టిఫికెట్ దాచుకున్న ఓనరు మీద కేసు నిలుస్తుందా?

నెల్లూరులో ఎలక్ట్రానిక్స్ షాపు, పొద్దున తొమ్మిది నుంచి రాత్రి పది దాకా పని, నెలకు తొమ్మిది వేలు, అదీ ఇరవయ్యో తారీఖు దాటాకే. కస్టమర్ల ముందే బూతులు. మానేస్తానంటే డిగ్రీ సర్టిఫికెట్ ఇవ్వనంటున్నాడు, కేసు పెడితే నిలుస్తుందా అని అడిగావు.

తమ్ముడూ, చట్టం నీ వైపే ఉంది. కానీ నువ్వు ఆ షాపులో పని చేస్తున్నావని చూపించడానికి నీ దగ్గరేముంది? ముందు అది చూసుకో, గొడవ తర్వాత.

నేను ఒంగోలులో ఒక హోల్‌సేల్ కొట్లో బిల్లింగ్ చేశాను. జీతం చేతికే ఇచ్చేవాళ్లు, సంతకం మాత్రం ఖాళీ వోచరు మీద. లేబర్ ఆఫీసులో ఫిర్యాదు చేస్తే ఓనరు హాజరు రిజిస్టరు పట్టుకొచ్చాడు. దాని ప్రకారం నేను రోజూ సాయంత్రం ఆరుకే ఇంటికెళ్లిపోయాను! నన్ను నిలబెట్టింది వాట్సాప్. రాత్రి పదిన్నరకు 'షట్టర్ వేశావా, క్యాష్ ఎంత' అని ఆయనే పెట్టిన మెసేజ్‌లు, నేను పంపిన క్లోజింగ్ లెక్కల ఫొటోలు. అవి చూశాక ఆఫీసరు రిజిస్టరు పక్కన పెట్టేశారు. ఆగిన జీతమంతా వచ్చింది. ఓవర్‌టైం మాత్రం సగానికి రాజీపడ్డాను, అప్పటికి కావలిలో వేరే పని దొరికింది, తిరిగే ఓపిక లేదు.

కాబట్టి నీ మెసేజ్‌లన్నీ ఇప్పుడే మెయిలుకు పంపుకో. జీతం ఫోన్‌పేలో వేయమని అడుగు. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకు.

2025 నవంబరు 21 నుంచి వేతనాల కోడ్, అంటే జీతాల మీద కేంద్రం తెచ్చిన కొత్త చట్టం, అమల్లో ఉంది. నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోపు ఇవ్వాలి. మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. ఓవర్‌టైంకు రెట్టింపు. బకాయి అడగడానికి 3 ఏళ్ల గడువుంది, పాత కనీస వేతనాల చట్టంలో అది 6 నెలలే. షాపులకు రాష్ట్రం ప్రకటించిన కనీస వేతనం ఇప్పుడెంతో లేబర్ ఆఫీసులో కనుక్కుని, నీ తొమ్మిది వేలు దాని పక్కన పెట్టి చూడు. షాపులో పదిమంది ఉంటే ఈఎస్ఐ, ఇరవైమంది ఉంటే పీఎఫ్ ఉండాలి. జీతంలో కోసుకుని కట్టనివాళ్లూ ఉన్నారు. ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిస్తే పీఎఫ్ సంగతి తెలిసిపోతుంది.

మొదట లాయరు దగ్గరికి పరిగెత్తక్కర్లేదు. మీ ఏరియా అసిస్టెంట్ లేబర్ ఆఫీసరుకు అర్జీ రెండు కాపీలు తీసుకెళ్లు, ఒకదాని మీద ముద్ర వేయించుకో. అక్కడ నాన్చితే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇవ్వు. న్యాయ సలహా కావాలంటే ప్రభుత్వ న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చెయ్యి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును పెడతారు.

బూతుల సంగతంటావా, నిజం చెప్పాలంటే లేబర్ ఆఫీసులో దానికి పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఎస్సీ, ఎస్టీలను నలుగురిలో కులం పేరుతో తిడితే మాత్రం అది వేరే కేసు, 1989 అట్రాసిటీ చట్టం కిందికి వస్తుంది.

ఇక సర్టిఫికెట్. అది నీది, జీతం అడ్వాన్సుకు తాకట్టు వస్తువు కాదు. రాజీనామా కాగితంలోనే 'నా ఒరిజినల్ మీ దగ్గర ఉంది, తిరిగి ఇవ్వండి' అని రాసి అక్నాలెడ్జ్‌మెంట్‌తో స్పీడ్ పోస్టు చెయ్యి, ఫొటో తీసి వాట్సాప్‌లోనూ పెట్టు. అడ్వాన్సు బాకీ ఉంటే ఎంతో అందులోనే రాయి, లేకపోతే తర్వాత ఆయన నోటికొచ్చిన అంకె చెప్తాడు. అప్పటికీ ఇవ్వకపోతే ఆ రసీదుతో పోలీస్ స్టేషన్‌కు వెళ్లు. మా కొట్లో ఒకతని సర్టిఫికెట్, కానిస్టేబుల్ ఒక్క ఫోన్ చేసేసరికి సాయంత్రానికల్లా బయటికొచ్చింది.