స్టార్ట్ చేశారు సరే, ఎనేబుల్ చేశారా?

ప్రశ్న: బీఎస్సీ కంప్యూటర్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా నాన్నకు ఎరువుల దుకాణం ఉంది. పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు లినక్స్ వేసి, అమ్మకాలు నమోదు చేసుకుని రాత్రికి లెక్క మెయిల్ పంపే పైథాన్ ప్రోగ్రామ్ రాశాను. ఫోల్డర్‌లోకి వెళ్లి నడిపితే బాగానే నడుస్తోంది. కానీ కరెంటు పోయి వచ్చినప్పుడల్లా నేనే మొదలుపెట్టాలి. ప్రోగ్రామ్‌లను వేళకు నడిపే క్రాన్‌లో, కంప్యూటర్ లేవగానే నడపమని రీబూట్ లైను పెట్టినా పనిచేయలేదు. రెండు వారాలు దీనికే పోయాయి. ఇవన్నీ వదిలేసి ఫుల్ స్టాక్ కోర్సులో చేరమంటున్నాడు అన్నయ్య. ఏం చేయమంటారు?

జవాబు: కోర్సు వద్దనను. ముందు ఆ ల్యాప్‌టాప్ సంగతి తేల్చండి. మీ బయోడేటాలో ఎవరైనా ఆగి చదివే లైను ప్రస్తుతానికి అదే.

లోపం ఎక్కడుందో మీ ప్రశ్నలోనే కనిపిస్తోంది. మీరు ఫోల్డర్‌లోకి వెళ్తారు, క్రాన్ వెళ్లదు. అది మీ హోమ్ ఫోల్డర్ నుంచే ప్రోగ్రామ్‌ను పిలుస్తుంది. లెక్కల ఫైలుకు పూర్తి దారి కాకుండా ఉత్త పేరే రాసి ఉంటే ప్రోగ్రామ్‌కు అది దొరకదు. పైగా కంప్యూటర్ లేచిన తొలి క్షణాల్లో వైఫై ఇంకా అందకపోవచ్చు. మొదట్లోనే మెయిల్ సర్వర్‌ను పలకరించే ప్రోగ్రామ్ అయితే అక్కడా బోల్తా పడుతుంది.

ఇలా రోజంతా నడవాల్సిన ప్రోగ్రామ్‌కు సిస్టమ్‌డి మేలు. లినక్స్ లేచినప్పుడు మిగతా ప్రోగ్రామ్‌లను మొదలుపెట్టి కనిపెట్టుకుని ఉండేది అదే. 2010లో లెనార్ట్ పోటరింగ్, కే సీవర్స్ దీన్ని తెచ్చినప్పుడు లినక్స్ లోకంలో పెద్ద రభసే జరిగింది. ఆ తగవు మనకెందుకు? లినక్స్ రకాల్లో 2014లో రెడ్ హ్యాట్, 2015లో డెబియన్, ఉబుంటు దానికి మారిపోయాయి. ఉద్యోగంలో మీకు ఎదురయ్యే సర్వర్లలో ఎక్కువ భాగం దానితోనే లేస్తాయి.

సిస్టమ్‌డికి ఏం చేయాలో చెప్పే పది పన్నెండు లైన్ల సర్వీసు ఫైలు చాలు. ఏ యూజర్ పేరుతో నడవాలి, ఏ ఫోల్డర్ నుంచి నడవాలి, నెట్‌వర్క్ వచ్చాకే మొదలవ్వాలా, మధ్యలో పడిపోతే మళ్లీ లేపాలా, అన్నీ అందులోనే రాస్తారు. ఆ చివరి దాంట్లో ఒక మెలిక ఉంది. మళ్లీ లేపమని చెప్పి, ఎంతసేపు ఆగాలో చెప్పకపోతే అది సెకనులో పదో వంతు మాత్రమే ఆగుతుంది. పది సెకన్లలో ఐదుసార్లు లేపి చూసి, అప్పటికీ ప్రోగ్రామ్ నిలబడకపోతే చేతులెత్తేస్తుంది. వైఫై అందేసరికి అడిగే నాథుడుండడు. పది సెకన్లు ఆగమని ఒక్క లైను రాస్తే సరి.

ఫైలు రాశాక సిస్టమ్‌డికి స్టార్ట్ అని ఆదేశమిస్తే ఇప్పటికిప్పుడు నడుస్తుంది, అంతే. ఎనేబుల్ అన్నప్పుడే రేపు కంప్యూటర్ లేచినప్పుడూ నడుస్తుంది. చిన్న తేడాలా ఉంది కదా? కానీ లినక్స్ నిర్వాహకులకు రెడ్ హ్యాట్ వారు పెట్టే ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్షలో బిట్లు పెట్టడం ఉండదు. యంత్రం ముందు కూర్చుని పనులు చేసి చూపాలి. చేసిన మార్పులు రీబూట్ తరువాత కూడా నిలవాలన్నది అక్కడి నియమం. ఎనేబుల్ మరచిపోతే, పడ్డ శ్రమంతా ఉన్నా మార్కులు రావు.

ఆ పరీక్షకు ఇప్పుడే డబ్బు కట్టవద్దు. ధ్రువపత్రం గడువు మూడేళ్లే. ఉద్యోగ ప్రయత్నాలు మొదలయ్యాక రాయడం లాభం. అంతవరకు రెడ్ హ్యాట్‌ లాగే పనిచేసే, ఉచితంగా దొరికే ఆల్మా లినక్స్ గానీ రాకీ లినక్స్ గానీ వర్చువల్ మెషిన్‌లో, అంటే మీ కంప్యూటర్ లోపలే నడిచే ఉత్తుత్తి కంప్యూటర్‌లో, వేసుకుని సాధన చేయండి.

ఉద్యోగాల మాటకొస్తే, లినక్స్ అడ్మినిస్ట్రేటర్, క్లౌడ్ సపోర్ట్, డెవ్ఆప్స్ (ప్రోగ్రామ్‌లను సర్వర్లకు ఎక్కించి నడిపించే పని) ఇవన్నీ ఈ దారిలోవే. మొదటి ఒకటి రెండేళ్లు రాత్రి షిఫ్టులు తప్పకపోవచ్చు, ఇంట్లో ముందే చెప్పండి. ఫుల్ స్టాక్ వైపు వెళ్లినా మీరు రాసినది ఏదో ఒక సర్వర్ మీద తనంతట తాను లేచి నడవాల్సిందే. అమీర్‌పేటలో ఏ కోర్సుకు డబ్బు కట్టాలన్నా ముందు డెమో క్లాసులో కూర్చుని, ల్యాబులో ఎన్ని గంటలు చేయిస్తారో అడగండి.

ఈ ఆదివారం దుకాణం మూశాక సర్వీసు ఫైలు పెట్టి ల్యాప్‌టాప్ రీబూట్ చేయండి. మీరు లాగిన్ కాకుండా ఐదు నిమిషాలు ఆగి, అప్పుడు లోపలికి వెళ్లి ఈ బూట్ తాలూకు జర్నల్, అంటే సిస్టమ్‌డి రాసుకునే చిట్టా, చదవండి. ఎర్రగా కనిపించిన మొదటి లైను నాకు రాసి పంపండి.