30 మీటర్ల లోతుకు కట్టిన సబ్‌మెరీన్‌ను 60కి దించాలంటే

కిటికీ అక్రిలిక్ మందం పెంచితే 30 మీటర్ల లోతుకు కట్టిన సబ్‌మెరీన్ 60కి దిగుతుందా అని అడిగారు. అంతమాత్రాన దించకండి. 60 దగ్గర 30 సెం.మీ. కిటికీ మీదే 4 టన్నులకు పైగా బరువు పడుతుంది, నిజమే. కానీ అసలు భయం హల్‌తో, అంటే నీటి ఒత్తిడిని ఆపే ఉక్కు గోడతో. ఇంత పల్చటి స్థూపాకార హల్ ఎక్కువగా దాన్ని బిగించి ఉంచే రింగుల నడుమ సొట్టపడి, ఏ హెచ్చరికా లేకుండా నలిగిపోతుంది. అక్కడ ఉక్కు గ్రేడు కంటే ప్లేటు మందం, రింగుల ఎడం, గుండ్రదనం ముఖ్యం. వ్యాసం మాత్రమే కొలిస్తే మూడు వైపులా ఉబ్బిన వంకర బయటపడదు; హల్ గుండ్రదనానికి సరిపడా కోసిన వంపు టెంప్లేటు (అచ్చు) పెట్టి, రెంటి మధ్య సందు చూడండి. అడుగున నీళ్లు నిలిచేచోట తుప్పు తిన్న మందాన్ని అల్ట్రాసోనిక్ గేజ్‌తో కొలిచి, ఆ అంకెతోనే లెక్క వేయించండి.

గాలి సంగతి చాలామంది మరిచిపోతారు. మునగడానికి నీళ్లు నింపే 200 లీటర్ల బ్యాలస్ట్ ట్యాంకును పైకి తేలేందుకు గాలితో ఖాళీ చేయడానికి 30 మీటర్ల దగ్గర 800 లీటర్ల మామూలు గాలి చాలు, 60 దగ్గర 1,400 కావాలి. గాలి అయిపోయినా, వదిలేస్తే సబ్‌మెరీన్‌ను పైకి తెచ్చే బరువు (డ్రాప్ వెయిట్) తప్పనిసరి.

అక్రిలిక్‌ను థిన్నర్‌తో, స్పిరిట్‌తో తుడవొద్దు, సన్న పగుళ్లొస్తాయి.

మొదటి పరీక్షకు లోపల ఎవరూ ఉండకూడదు. కేబుల్‌తో 75 మీటర్లకు దించి గంట ఉంచండి. తీశాక టెంప్లేటు సందు మారితే మళ్లీ దించొద్దు.