చేతుల దగ్గర ఆగు

అమ్మడూ,

కాలేజీలో డచ్ చిత్రకారుడు వాన్ గో వేసిన 'బంగాళాదుంపలు తినేవాళ్లు' బొమ్మ మీద నువ్వు మాట్లాడబోతున్నావని మీ నాన్న చెప్పాడు. నలుగురిలో నిలబడి బొమ్మ గురించి చెప్పే పిల్ల మనింట్లో పుట్టిందని పొంగిపోయాను. రాత్రంతా టెన్షన్‌తో నిద్ర కూడా పట్టలేదు.

ఫోన్‌లో చూసి ఊరుకోకు, పెద్ద ప్రింట్ తీయించుకో. వెలుగంతా పైన వేలాడే ఆ ఒక్క దీపానిదే, గమనించు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా భయమల్లా, ముదురు రంగంటే దుఃఖం, ఎరుపంటే కోపం అని ఎక్కాల్లా అప్పజెప్తావేమోనని. నేనూ అలాగే చెప్పేవాణ్ణి. పలాసలో డ్రాయింగ్ మాస్టారుగా ఉన్నప్పుడు ఎనిమిదో తరగతి పిల్ల వాళ్లమ్మ బొమ్మ వేసింది. పసుపు చీర, నవ్వు ముఖం, వేళ్లు మాత్రం నల్లగా. "అమ్మకి చావు రంగేమిటే!" అని కసిరి, ఒంటి రంగు కలిపి ఆ వేళ్లు నేనే దిద్దేశాను. పిల్ల నోరెత్తలేదు.

ప్రదర్శన రోజు వాళ్లమ్మ వచ్చింది. జీడిపిక్కలు కొట్టే పని ఆమెది. జీడి నూనె తగిలి వేళ్లు నల్లబడిపోయి, అక్కడక్కడా పొక్కులు. బొమ్మ దగ్గర చాలాసేపు నిలబడింది. "నా సేతులు ఎంత బాగేసినావే" అని కూతురితో అని, ఆ చేతుల్ని కొంగులో చుట్టుకుంది. పిల్ల తల దించుకుంది. నేను పూసిన రంగు అప్పటికే ఎండిపోయింది. తప్పు నాదని ఆ తల్లికి చెప్పడానికి నోరు రాలేదు. ఇన్నేళ్లకి నీకే చెప్తున్నాను.

1885లో వాన్ గో కూడా ముందు వేసిన ముఖాలు నచ్చక, తొక్క తీయని మట్టి దుంప రంగులో మళ్లీ వేశాడు. పళ్లెంలోకి చాచిన ఆ చేతులే నేల తవ్వాయని తమ్ముడికి రాశాడు. చేతులు సరిగ్గా కుదరలేదని సాటి చిత్రకారుడే తప్పుబట్టాడు. ఆ రోజు పలాసలో నేనూ అదే మాట అన్నవాణ్ణి. అందుకే, ఆకారం మోటుగా కనబడితే తొందరపడకు తల్లీ. ఆ చెయ్యి పగలంతా ఏం చేసుంటుందో ముందు ఆలోచించు.

వాన్ గో బొమ్మలో మనకి వీపు పెట్టిన చిన్నపిల్ల ముఖం కనబడదు. ఏడుస్తోందని కల్పించకు. ఆమె ముందు వేడి దుంపల ఆవిరి లేస్తోంది, అది చెప్పు.

ముందురోజు రాత్రి మేలుకోకు. చేతుల దగ్గరికి వచ్చేసరికి మీ నానమ్మ నాట్ల చేతులు గుర్తొచ్చి గొంతు పట్టేస్తుంది, నాకు తెలుసు. కాసేపు ఆగి, నీళ్లు తాగి మొదలుపెట్టు.

మీ పెదనాన్న